కోత మొదలయ్యేది నీటి అడుగున: నది గట్లను నిలబెట్టే పద్ధతులు ఎక్కడ పనిచేస్తాయి, ఎక్కడ విఫలమవుతాయి

సంక్షిప్తంగా: నది ఒడ్డు కూలడం పైన కనిపిస్తుంది కానీ దాని మొదలు నీటి అడుగున, గట్టు పాదం దగ్గర ఉంటుంది. రివిట్‌మెంట్ (ఒడ్డు వాలుకు రాతి కవచం), గ్రోయిన్లు (ఒడ్డు నుంచి నదిలోకి కట్టే రాతి గట్లు), జియో సంచులు (ఇసుక నింపిన సింథటిక్ సంచులు), పోర్క్యుపైన్లు (కాంక్రీటు కడ్డీల చట్రాలు), గడ్డి, వీటిలో ఏది వాడినా పాదానికి రక్షణ ఉందా, కట్టడం రెండు చివర్లూ ఒడ్డులోకి గట్టిగా దిగాయా, నదిలో ఇసుక రాకపోకల లెక్క సరిగా ఉందా అన్న మూడు విషయాలే ఫలితాన్ని తేలుస్తాయి. గోదావరి లంకల విషయంలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. నది పాయల మధ్య దీవిలా ఉండే లంక, వరదను ఆపడానికి వేసిన ఏటిగట్ల లోపల ఉంది, అంటే నది తన వరదకు వాడుకునే చోటులోనే.

గోదావరికి పెద్ద వరద వచ్చి తీసిన ప్రతిసారీ కోనసీమ లంకల నుంచి ఇంచుమించు ఒకే రకం వార్తలు వస్తాయి. ఒడ్డున ఉన్న కొబ్బరి చెట్లు వేళ్లతో సహా ఏట్లోకి ఒరుగుతాయి. అరటి తోట ఒక పక్క నుంచి వరుస తరువాత వరుసగా తరిగిపోతుంది. పట్టాలో ఎకరం ఉన్న రైతుకు కొలిచి చూస్తే అర ఎకరం కూడా తేలదు. ఆ వెంటనే గ్రోయిన్లు కట్టాలని, రివిట్‌మెంట్ చేయాలని డిమాండ్లు మొదలవుతాయి, కొన్నిచోట్ల పనులు జరుగుతాయి కూడా. అలా కట్టిన వాటిలో కొన్ని దశాబ్దాల పాటు నిలుస్తాయి, కొన్ని రెండో వరదకే జారిపోతాయి. ఒకే నది మీద, ఒకే క్వారీ నుంచి తెచ్చిన రాయితో కట్టిన పనుల మధ్య ఇంత తేడా రావడానికి కారణాలు చాలావరకు నీటి మట్టానికి కింద ఉంటాయి.

కోత వేరు, గండి వేరు

వార్తల్లో ఈ రెండు మాటలూ తరచు కలిసిపోతాయి. గండి అంటే వరదను ఆపడానికి మనిషి వేసిన కట్ట తెగి, నీరు ఊళ్లవైపు మళ్లడం. అది కొన్ని గంటల వ్యవహారం. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరదకు ప్రధాన కారణం ఇలాంటి గండ్లే. మళ్లింపు కాలువ ఎడమ గట్టుకు మూడుచోట్ల పడిన వాటిని సైన్యం సాయంతో, తీగ బుట్టల్లో రాళ్లు నింపిన గేబియన్లతో పూడ్చాల్సి వచ్చింది. కోత అంటే నది తన ఒడ్డును తానే తినుకుంటూ పక్కకు జరగడం. దానికి ఏళ్లు పడుతుంది, వరద లేని రోజుల్లో కూడా అది సాగుతూనే ఉంటుంది.

రెండూ కలిసే సందర్భం ఒకటుంది. ఒడ్డును తింటూ వచ్చిన నది చివరకు ఏటిగట్టు పాదానికి చేరినప్పుడు కోత గండిగా మారుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర వరద సుమారు 35 లక్షల క్యూసెక్కులకు చేరినప్పుడు డెల్టాలో ఏటిగట్లు చాలాచోట్ల తెగాయి. ఆ తరువాత గట్ల ఎత్తు పెంచడం మీదే చర్చ ఎక్కువగా నడిచింది. ఎత్తు అవసరమే. అయితే ఎంత ఎత్తు గట్టయినా పాదం కోసుకుపోతే నిలవదు కనుక, ఎత్తుతోపాటు పాదాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

వంపులో నీరు చేసే పని

నది తిన్నగా పోయేచోట కంటే వంపు తిరిగేచోట కోత ఎక్కువని ఒడ్డున ఉండేవారికి ఎవరూ చెప్పనక్కర లేదు. దాని వెనక ఉన్న యంత్రాంగం మాత్రం కాస్త విచిత్రమైనది. వంపు తిరిగేటప్పుడు పైనీరు వేగంగా బయటి ఒడ్డు వైపుకు తోసుకుపోతుంది. అక్కడ ఒడ్డును ఢీకొని కిందికి దిగుతుంది. దిగిన నీరు అడుగున నేలను రాసుకుంటూ లోపలి ఒడ్డు వైపుకు మళ్లుతుంది. అంటే నీరు ముందుకు పోతూనే, తాడు పేనినట్టు మెలి తిరుగుతూ పోతుంది. ఈ మెలికలో బయటి ఒడ్డు పాదం దగ్గర ఇసుక లేచి, లోపలి ఒడ్డున మేట వేస్తుంది. ఎదురొడ్డున ఇసుక తిన్నె ఏటేటా పెరగడం, ఈ ఒడ్డున తోట ఏటేటా తరగడం ఒకే క్రియకు రెండు ముఖాలు.

గోదావరి పాయల్లో దీనికి తోడు నడి ఏట్లో మేటలు వేస్తాయి. వెడల్పాటి పాయ మధ్యలో ఇసుక తిన్నె పెరిగితే ప్రవాహం రెండుగా చీలి, రెండు ఒడ్లనూ రాసుకుంటూ పోతుంది. వంపు లేనిచోట, తిన్నగా ఉన్న లంక అంచు హఠాత్తుగా కోతకు గురవుతుంటే, చాలా సందర్భాల్లో కారణం ఎదురుగా నడి ఏట్లో కనిపిస్తుంది. ఇలాంటి చోట ఒడ్డున ఎంత రాయి పోసినా అది జబ్బుకు కాక లక్షణానికి మందు వేసినట్టవుతుంది. మేటకు అడ్డంగా చిన్న కాలువ తవ్వి ప్రవాహాన్ని తిరిగి నడి ఏటికి మళ్లించడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. వరద ఆ కాలువను తానే వెడల్పు చేసుకుంటుంది.

వరద తీశాక కూలే ఒడ్డు

లంకల్లో ఒడ్డు విరిగే తీరును దగ్గర నుంచి గమనిస్తే ఒక వరుసక్రమం కనిపిస్తుంది. పైన మనిషెత్తు దాకా జిగురున్న ఒండ్రు మట్టి, దాని కింద సన్న ఇసుక పొర ఉంటాయి. ప్రవాహం ముందుగా ఇసుక పొరను తొలుస్తుంది. పై మట్టి చూరులా నీటిమీదికి వేలాడుతుంది. అంచు నుంచి మూరెడు దూరంలో, ఒడ్డుకు సమాంతరంగా, మొదట వెంట్రుక మందాన ఒక బీట కనిపిస్తుంది. రెండు మూడు రోజుల్లో అందులో వేలు పడుతుంది. ఆ తరువాత ఒక రాత్రి ఆ ముక్కంతా పలకలా విడిపోయి ఏట్లో పడుతుంది. పడిన మట్టి కొన్నాళ్లు పాదానికి అడ్డుగా నిలిచి కోతను ఆపుతుంది. దాన్ని కూడా నది ఊడ్చేశాక కథ మళ్లీ మొదలవుతుంది.

వరద ఉధృతంగా ఉన్నప్పటి కంటే అది తగ్గేటప్పుడే ఒడ్లు ఎక్కువగా కూలడానికి కారణం వేరు. వరద రోజుల్లో ఒడ్డు లోపలి మట్టి నీటితో నిండుతుంది. బయట నది నీరు ఆ మట్టికి ఆసరాగా, గోడకు ఆనించిన దుంగలా నిలబడి ఉంటుంది. వరద ఒకటి రెండు రోజుల్లో మూడు నాలుగు మీటర్లు తీసేస్తే ఆ ఆసరా పోతుంది. లోపలి నీరు మాత్రం అంత త్వరగా దిగలేదు. తడిసి బరువెక్కిన మట్టిని లోపలి నుంచి ఆ నీరే నదివైపు నెడుతుంది, ఇసుక పొరలోంచి ఊటగా కారుతూ సన్న ఇసుకను వెంట తీసుకుపోతుంది. అందుకే వరద హెచ్చరిక ఉపసంహరించిన తరువాతి వారం ఒడ్డున ఉన్న ఇళ్లకు అసలు ప్రమాద కాలం. గట్ల మీద పహరా ఆ వారంలోనే సడలిపోవడం తరచు జరిగే పొరపాటు.

రాతి కవచం, దాని లెక్కలు

ఒడ్డు వాలును చదును చేసి దాని మీద రాయి పరచడం అన్నిటికంటే పాత పద్ధతి, నేటికీ ఎక్కువగా వాడుతున్నది. దీన్నే రివిట్‌మెంట్ అంటున్నాము. ఇందులో మొదటి ప్రశ్న రాయి ఎంత పెద్దది కావాలన్నది. ప్రవాహ వేగం రెట్టింపైతే రాయి రెట్టింపు బరువుంటే చాలునని అనిపిస్తుంది. నిజానికి నిలబడగలిగే రాయి అడ్డుకొలత వేగం వర్గంతో పెరుగుతుంది. బరువు అడ్డుకొలత ఘనంతో పెరుగుతుంది కనుక, బరువు వేగానికి ఆరో ఘాతంలో పెరగాలి. వేగం రెట్టింపైతే రాయి 64 రెట్లు బరువుండాలి. ఇంజినీర్లు వాడే ఇస్‌బాష్ సూత్రం ప్రకారం సెకనుకు 3 మీటర్ల వేగానికి విడి రాయి సుమారు 70 కిలోలు ఉంటే నిలుస్తుంది. వేగం 4 మీటర్లకు చేరితే 400 కిలోల పైచిలుకు కావాలి. వేగాన్ని కొద్దిగా తక్కువ అంచనా వేసినా, చూడటానికి గట్టిగా ఉన్న కట్టడం ఒక్క వరదకే ఎందుకు చెల్లాచెదురవుతుందో ఈ లెక్క చెబుతుంది. పెద్ద రాయి దొరకని చోట చిన్న రాళ్లను తీగ బుట్టల్లో బిగించి ఒకే బరువుగా పనిచేయించడం గేబియన్ వెనక ఉన్న ఆలోచన. తీగ తుప్పు పట్టి తెగేదాకా అది బాగానే పనిచేస్తుంది.

రెండో ప్రశ్న రాయి కింద ఏముందన్నది. రాళ్ల మధ్య సందులుంటాయి. కింద సన్న ఇసుక ఉంటే, వరద తీసేటప్పుడు ఒడ్డులోంచి వచ్చే ఊటనీరు ఆ ఇసుకను సందుల్లోంచి బయటికి లాగేస్తుంది. పైన రాయి చెక్కుచెదరకుండా కనిపిస్తూనే లోపల డొల్ల అవుతుంది, తరువాత ఒకచోట కుంగుతుంది. దీన్ని ఆపడానికి రాయి కింద ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆ పైన ముతక కంకర పొరలుగా పరుస్తారు, లేదా జియో టెక్స్‌టైల్ బట్ట వేస్తారు. నీటిని పోనిచ్చి ఇసుకను ఆపడం దాని పని, కాఫీ వడపోత లాంటిది. పని పూర్తయ్యాక పైకి కనిపించని భాగం ఇదే కావడంతో, నాణ్యత తనిఖీలో తరచు జారిపోయేదీ ఇదే.

మూడోదీ, అన్నిటికంటే ముఖ్యమైనదీ పాదం. వరదలో నది అడుగు వేసవిలో కనిపించిన చోటే ఉండదు, కోసుకుపోయి లోతవుతుంది. ఆ లోతును అంచనా వేయడానికి ఉత్తర భారత కాలువలపై పనిచేసిన జెరాల్డ్ లేసీ 1930 ప్రాంతంలో ఇచ్చిన సూత్రాన్ని భారతదేశంలో ఇప్పటికీ వాడుతున్నారు. ఉదాహరణకు, నది వెడల్పులో ప్రతి మీటరు గుండా సెకనుకు 20 ఘనపు మీటర్ల నీరు పోతుంటే, అడుగున ఉన్నది సాధారణ ఇసుకైతే, వరద మట్టం నుంచి సుమారు 10 మీటర్ల లోతు దాకా కోత పడుతుంది. అది తిన్నని దారిలో సగటు లెక్క. గట్టి వంపు ఉన్నచోట దానికి 1.75 రెట్లు, ప్రవాహం నేరుగా గుద్దేచోట 2 రెట్లు తీసుకోవాలి. అంటే 17.5 నుంచి 20 మీటర్లు. వేసవిలో అడుగు వరద మట్టానికి 8 మీటర్ల కింద కనిపించిందనుకుంటే, వరద రోజున గట్టి వంపు దగ్గర అది మరో తొమ్మిదిన్నర మీటర్లు దిగిపోతుంది. వేసవిలో కనిపించిన నేల మీద పునాది వేసి ఆపేసిన రివిట్‌మెంట్ ఆ రోజున గాలిలో వేలాడుతుంది.

నీటి అడుగున తొమ్మిదిన్నర మీటర్లు తవ్వి పునాది వేయడం సాధ్యం కాదు. అందుకే 19వ శతాబ్దం చివరలో పంజాబ్ నదులపై రైలు వంతెనలు కట్టిన కాలంలో ఒక చమత్కారమైన ఉపాయం స్థిరపడింది. జె.ఆర్.బెల్ అనే ఇంజినీరు పేరు మీద బెల్ బండ్లుగా పేరుపడిన ఆ గట్లకు పాదం దగ్గర, నది అడుగు మీద, వెడల్పుగా రాళ్లను పరిచి వదిలేశారు. దాన్ని అప్రాన్ అంటారు. వరద దాని అంచు కింద ఇసుకను తొలిచినకొద్దీ రాళ్లు ఒకటొకటిగా కిందికి జారి, కొత్తగా ఏర్పడిన గుంత వాలును తామే కప్పుకుంటాయి. పై ఉదాహరణలో జారిన రాయి ఒకటికి రెండు వాలులో (మీటరు లోతుకు రెండు మీటర్లు పక్కకు) కూర్చుంటుందని లెక్క వేస్తే, ఒడ్డు పొడవున ప్రతి మీటరుకు 21 మీటర్ల వాలును కప్పేంత రాయి అప్రాన్‌లో ముందే సిద్ధంగా ఉండాలి. దాని వెడల్పు కోత లోతుకు ఒకటిన్నర రెట్లు, సుమారు 14 మీటర్లు ఉంచుతారు. మంచి అప్రాన్‌కు వరద తరువాత ఆనవాలు ఉండదు, అది కిందికి దిగి తన పని చేసి ఉంటుంది. పాదాన రాయి పోయిందని పైపైన చూసి అనుకోవడమూ పొరపాటే, లోతు కొలవకుండా అంతా బాగానే ఉందనుకోవడమూ పొరపాటే.

గ్రోయిన్: నదిని దూరం జరిపే చెయ్యి

రివిట్‌మెంట్ ఒడ్డుకు కవచమైతే, గ్రోయిన్ ప్రవాహాన్నే ఒడ్డుకు దూరంగా నెట్టే కట్టడం. ఒడ్డు నుంచి నదిలోకి అడ్డంగా చొచ్చుకుపోయే ఈ రాతి గట్టును ఉత్తరాదిన స్పర్ అంటారు. రెండు గ్రోయిన్ల మధ్య నీరు మందగిస్తుంది, అందులోని మట్టి కిందికి దిగుతుంది, కొన్నేళ్లకు అక్కడ కొత్త నేల లేస్తుంది. విజయవంతమైన చోట ఒడ్డు కోత ఆగడమే కాదు, పోయిన భూమిలో కొంత తిరిగొస్తుంది.

గ్రోయిన్ ముఖం ఎటు ఉండాలన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది కానీ ఫలితం దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఎగువ వైపుకు కాస్త వంగి ఉన్న గ్రోయిన్ ప్రవాహాన్ని ఒడ్డు నుంచి దూరంగా తోస్తుంది. దిగువ వైపుకు వంగినది దాన్ని ఒడ్డు వైపుకే లాగుతుంది. కాపాడటానికి కట్టినదే కోతను పెంచే పరిస్థితి ఇలా వస్తుంది. వాటి మధ్య దూరం సాధారణంగా గ్రోయిన్ పొడవుకు 2 నుంచి 2.5 రెట్లు ఉంచుతారు. అంతకు మించితే ప్రవాహం రెండింటి మధ్యలోకి తిరిగొచ్చి ఒడ్డును పట్టుకుంటుంది. నిధులు చాలక వరుసలో ఐదు కట్టాల్సిన చోట రెండు కట్టి ఆపితే, రెండోదాని దిగువన కోత మునుపటి కంటే పెరగడం ఈ కారణంగానే. ఒంటరి గ్రోయిన్ కంటే అసలు గ్రోయిన్ లేకపోవడం నయమని ఇంజినీర్లు అనేది అందుకే.

గ్రోయిన్ ముక్కు దగ్గర నీరు సుడి తిరుగుతుంది, కోత లోతు అక్కడే అత్యధికం. మొత్తం కట్టడానికి వాడే రాయిలో పెద్ద వాటా ఆ ముక్కు చుట్టూ అప్రాన్‌కే పోవాలి. ఇక ఎదురొడ్డు సంగతి. ఇటు నుంచి తోసిన ప్రవాహం ఎక్కడికో ఒకచోటికి పోవాలి. వశిష్ఠ పాయకు ఒకవైపు కోనసీమ, మరోవైపు పశ్చిమ గోదావరి జిల్లా. ఇటువంటి పాయలో ఒక ఒడ్డున వేసిన గ్రోయిన్ అవతలి జిల్లాకు ఫిర్యాదుగా మారే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని కేంద్ర జల, విద్యుత్ పరిశోధన కేంద్రం లాంటి చోట్ల నది నమూనా కట్టి, నీరు వదిలి, రెండు ఒడ్ల మీదా ప్రభావాన్ని ముందే చూసేది ఈ చిక్కు రాకుండానే.

కోసీ చెప్పిన సంగతి

గట్టు ఎత్తు సరిపోయినా పాదం పోతే ఏమవుతుందో 2008లో కోసీ నది చూపించింది. ఆ ఏడాది ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా దగ్గర తూర్పు గట్టు తెగింది. ఆ నది మీది కోసీ బ్యారేజీని 9.5 లక్షల క్యూసెక్కుల వరద కోసం డిజైన్ చేశారు. గట్టు తెగిన రోజున నదిలో ఉన్నది సుమారు 1.44 లక్షల క్యూసెక్కులే. నీరు గట్టు మీదుగా పొర్లలేదు. నది తూర్పు గట్టుకు ఆనుకుని ప్రవహిస్తూ, దానికి రక్షణగా ఉన్న స్పర్లను కొన్ని రోజులుగా తొలుస్తూ వచ్చి, అవి పోయాక గట్టును కోసేసింది. ఆ తరువాత ప్రధాన ప్రవాహం తూర్పున వంద కిలోమీటర్లకు పైగా జరిగి, వదిలేసిన పాత దారిని పట్టుకుంది. బిహార్‌లో 30 లక్షల మందికి పైగా ముంపు బారిన పడ్డారు.

అందులో మరో పాఠం కూడా ఉంది. హిమాలయాల నుంచి వచ్చే కోసీ విపరీతంగా మట్టిని మోసుకొస్తుంది. రెండు గట్ల మధ్య బిగించాక ఆ మట్టి బయట పొలాల్లో పరుచుకునే వీలు లేక గట్ల మధ్యే పేరుకుని, నది అడుగు లేస్తూ వచ్చింది. గట్టు పక్కనున్న ఊరి నేల కంటే నది అడుగే ఎత్తుగా ఉన్న చోట గండి పడితే, నీరు తిరిగి నదిలోకి రాదు.

బ్రహ్మపుత్ర: రాయి దొరకని చోట ఉపాయాలు

దేశంలో నది కోతకు అతి పెద్ద ఉదాహరణ అస్సాం. 1950 నుంచి అక్కడ 4.27 లక్షల హెక్టార్ల భూమి నదుల పాలైందని ఆ రాష్ట్ర జలవనరుల శాఖ లెక్క. అది రాష్ట్ర విస్తీర్ణంలో 7 శాతానికి పైనే. 1950 ఆగస్టు 15న వచ్చిన భారీ భూకంపానికి కొండచరియలు విరిగి, ఆ మట్టంతా బ్రహ్మపుత్రలోకి దిగి, అడుగు లేచి, నది పక్కలకు విస్తరించడం మొదలుపెట్టింది. మాజులీ దీవి గత శతాబ్దంలో సగానికి పైగా కరిగిపోయింది.

అక్కడ పెద్దయెత్తున వాడినవి పోర్క్యుపైన్లు. ఆరు కాంక్రీటు కడ్డీలను బోల్టులతో బిగించి చేసిన ఈ ముక్కోణపు చట్రం ముళ్లపందిలా కనిపిస్తుంది. వీటిని వరుసలుగా నదిలో దించితే నీరు ఆగదు, వేగం మాత్రం తగ్గుతుంది. తగ్గిన వేగంలో మట్టి దిగి మేట వేస్తుంది. వెదురుతో ఇదే పని చేసే పద్ధతి తరతరాలుగా ఉన్నదే, కాంక్రీటు దానికి కొత్త రూపం. ఇవి పనిచేయాలంటే నీటిలో దండిగా మట్టి ఉండాలి. శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లో మట్టి దించుకుని వచ్చే కృష్ణ దిగువ భాగంలో, బ్రహ్మపుత్రలో వచ్చిన ఫలితమే వస్తుందనుకోవడానికి లేదు.

రెండోది జియో సంచులు. గట్టి సింథటిక్ బట్టతో కుట్టిన సంచుల్లో అక్కడి ఇసుకనే నింపి, పడవల మీద నుంచి పాదం దగ్గర గుట్టలుగా జారవిడుస్తారు. కోత పడినకొద్దీ ఇవి కూడా అప్రాన్ రాళ్లలా కిందికి జారి గుంతను కప్పుతాయి. రాయి దొరకని బంగ్లాదేశ్‌లో జమున, మేఘన నదుల ఒడ్డున 2000 దశకం నుంచి వీటిని విస్తృతంగా వాడారు. అస్సాంలోని ధేమాజీ జిల్లా మట్‌మోరా దగ్గర ఇదే బట్టతో చేసిన పొడవాటి జియో ట్యూబులను పేర్చి సుమారు 5 కిలోమీటర్ల గట్టు కట్టారు. రాయి కంటే చౌక, త్వరగా అయ్యే పని. ఎండ తగిలితే బట్ట చివికిపోతుంది, పడవల లంగర్లకు చిరుగుతుంది. అందుకే నీటి అడుగున ఉన్నంతకాలం వీటికి ఆయుష్షు ఎక్కువ.

గడ్డి, చెట్టు, వేరు

మొక్కలతో ఒడ్డును కాపాడటం చౌకైన పనిగా, ప్రకృతికి దగ్గరి పనిగా ప్రచారంలో ఉంది. ఇందులో నిజం ఉంది, పరిమితి కూడా అంతే ఉంది. వట్టివేరు వేళ్లు మూడు మీటర్ల దాకా నిలువునా దిగి, మట్టిని పట్టి ఉంచుతాయి. రెల్లు గడ్డి ప్రవాహానికి వంగి ఒడ్డుకు పరుపులా పరుచుకుంటుంది. సముద్రపు పోటు తగిలే చోట, కోరంగి దాకా, మడ చెట్ల వేళ్ల గుంపు అలలను విరిచేస్తుంది. అయితే వేసవి నీటి మట్టానికి కింద ఏ గడ్డీ పెరగదు. కోత మొదలయ్యేది అక్కడే. పాదాన రాయి లేదా జియో సంచులు, దానిపైన వాలు మీద గడ్డి, ఇలా కలిపి వాడినప్పుడే మొక్కలు ఒడ్డును నిలబెడతాయి.

కొబ్బరి చెట్టు గురించి ఒక మాట. ఒడ్డు వెంట వరుసగా కొబ్బరి నాటితే గట్టిపడుతుందన్న నమ్మకం లంకల్లో ఉంది. దాని వేళ్లు పీచులా చెట్టు మొదలు చుట్టూ, పై పొరలోనే ఎక్కువగా విస్తరిస్తాయి. కింద ఇసుక పొర జారిపోతుంటే ఆ వేళ్లు చేయగలిగింది తక్కువ. పొడవాటి మాను గాలికి ఊగుతూ, బీట పడిన అంచు మీద అదనపు బరువవుతుంది.

ఇసుక లెక్క తప్పితే

నది మోసుకొచ్చే ఇసుక, అది మోసుకుపోగల ఇసుక సమానంగా ఉన్నంతకాలం అడుగు స్థిరంగా ఉంటుంది. 1955లో ఇ.డబ్ల్యు. లేన్ అనే అమెరికన్ ఇంజినీరు దీన్ని ఒక త్రాసుగా చూపించాడు. ఒక తట్టలో ఇసుక పరిమాణం, రేణువు సైజు. మరో తట్టలో నీటి పరిమాణం, నది వాలు. పైన ఆనకట్ట ఇసుకను ఆపేస్తే తట్ట ఒకవైపు మొగ్గుతుంది, నది తన అడుగునూ ఒడ్డునూ కోసుకుని ఆ లోటు పూడ్చుకుంటుంది.

జర్మనీలో రైన్ నదిపై ఇఫెజ్‌హైమ్ బ్యారేజీ దిగువన ఈ లోటును 1978 నుంచి కృత్రిమంగా పూడుస్తున్నారు. పడవల్లో కంకర తెచ్చి ఏటా సగటున లక్షన్నర ఘనపు మీటర్లకు పైగా నదిలో పోస్తున్నారు. వినడానికి వింతగా ఉన్నా, దిగువన వందల కిలోమీటర్ల గట్లను మళ్లీ మళ్లీ బాగుచేయడం కంటే అదే చౌక అని తేల్చుకున్నారు.

ఇసుక తవ్వకం చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం. అయితే అన్ని తవ్వకాలనూ ఒకే గాటన కట్టడం సరికాదు. నడి ఏటి మేట నుంచి కొలత ప్రకారం తీసిన ఇసుక ప్రవాహాన్ని ఒడ్డు నుంచి దూరం చేయవచ్చు. ఒడ్డు పాదానికి దగ్గరలో, లారీ దిగడానికి వీలుందని తీసిన ఇసుక గుంతను ముందే తవ్విపెట్టినట్టు. పాదం దగ్గర మూడు మీటర్ల గుంత ఉంటే, అప్రాన్ లెక్క వేసిన ఇంజినీరు తొమ్మిదిన్నర మీటర్లు అనుకున్నది వరద రోజున పన్నెండున్నర అవుతుంది. ఎన్ని టన్నులు తీశారన్న లెక్క కంటే, ఒడ్డుకు ఎంత దూరంలో, ఎంత లోతున తీశారన్నదే గట్లకు సంబంధించినంతవరకు అసలు ప్రశ్న.

గట్టును వెనక్కి జరిపిన దేశం

1993, 1995 వరదల తరువాత నెదర్లాండ్స్ వేరే దారి పట్టింది. 1995లో రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించాల్సి రావడంతో, గట్లను ఇంకా ఎత్తు చేస్తూ పోవడానికి హద్దు ఉందని గుర్తించి, నదికి చోటు పెంచే కార్యక్రమం చేపట్టారు. నైమేఖన్ నగరం ఎదుట వాల్ నది గట్టును 350 మీటర్లు వెనక్కి జరిపి, మధ్యలో కొత్త పాయ తవ్వారు. వాల్ మీద శతాబ్దాలుగా ఉన్న గ్రోయిన్లలో అనేకం వరదకు అడ్డుపడుతున్నాయని వాటి ఎత్తు తగ్గించారు. గ్రోయిన్లను అంత విస్తృతంగా వాడిన దేశం వాటిని కుదించడం గమనించదగ్గది.

కోనసీమలో ఏటిగట్టును 350 మీటర్లు వెనక్కి జరపడం ఊహకు కూడా అందదు. గట్టును ఆనుకునే ఊరు, ఊరిని ఆనుకునే కాలువ, కాలువను ఆనుకునే వరి. అయితే గోదావరికి ఆ చోటు కొంత ఇప్పటికే ఉంది. అదే లంక. ఏటిగట్ల లోపల ఉన్న లంకలు పెద్ద వరదల్లో మునుగుతాయి, ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటిన 2022 జులైలోనూ మునిగాయి. మునిగినప్పుడు దిగే ఒండ్రే లంక పొగాకుకూ అరటికీ కూరగాయలకూ పేరు తెచ్చింది. ఇక్కడే అసలు పేచీ ఉంది. ప్రతి లంక అంచునూ రాయితో బిగిస్తే పాయ ఇరుకవుతుంది, వరద మట్టం లేస్తుంది, ఆ ఒత్తిడి ఏటిగట్టు మీదే పడుతుంది. బిగించకపోతే లంకలో ఉన్న కుటుంబం భూమి పోతుంది.

కనుక రెండు రకాల కోతలకు రెండు రకాల తీర్మానాలు కావాలి. నది ఏటిగట్టు వైపుకు, వంతెన లేదా అక్విడక్టు (నది మీదుగా కాలువను దాటించే కట్టడం) వైపుకు, జనావాసం వైపుకు జరుగుతున్న చోట పూర్తిస్థాయి రివిట్‌మెంట్‌కూ, లోతైన అప్రాన్‌కూ, లెక్క ప్రకారం గ్రోయిన్ల వరుసకూ ఖర్చు పెట్టడం సమంజసం. సాగు భూమి మాత్రమే పోతున్న చోట నడి ఏటి మేటలో కాలువ తవ్వడం, పాదాన జియో సంచులు, వాలున గడ్డి లాంటి తేలికపాటి పనులతో కోత వేగాన్ని తగ్గించి, పోయిన భూమికి పరిహారాన్ని, అవసరమైతే ఇళ్లకు పునరావాసాన్ని విడిగా చూడటం చౌక పడుతుంది. దీనికి నిధుల దారి కూడా తెరుచుకుంది. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి కోత నివారణ పనులకు 1,500 కోట్లు, కోత వల్ల నిర్వాసితులైన వారి పునరావాసానికి 1,000 కోట్లు దేశం మొత్తానికి సిఫార్సు చేసింది. బ్రహ్మపుత్ర, గంగ ఒడ్ల అవసరాల ముందు ఆ మొత్తం చిన్నదే. పునరావాసానికి విడిగా పద్దు ఏర్పడటం మాత్రం అప్పట్లో కొత్త విషయం.

కట్టిన తరువాత

నది పనుల్లో కట్టడం సగం, చూసుకోవడం సగం. అప్రాన్ పరచాలంటే నీరు అడుగంటిన కాలం కావాలి. గోదావరిలో అది జనవరి నుంచి మే దాకా. ఏప్రిల్‌లో టెండరు ఖరారై, జూన్‌లో నీరు వచ్చేనాటికి వాలు మీద రాయి మాత్రం పరిచి, పాదాన్ని వచ్చే ఏటికి వదిలేసిన పని కోతకు నేరుగా ఆహ్వానం. ఉన్న డబ్బు సగానికే సరిపోతుందంటే ముందు పాదం కట్టి, వాలును తరువాత చేయడం సరైన వరుస. ఫొటోలో కనిపించేది వాలు కావడం వల్ల కాబోలు, జరిగేది తలకిందులుగా ఉంటుంది.

మొదటి వరద తరువాత పడవ మీద వెళ్లి, గ్రోయిన్ ముక్కుల దగ్గర, వంపు పాదం వెంట, లోతు కొలిచి కిందటేటి కొలతతో పోల్చాలి. ఈ కొలతకు ఒక పడవ, సోనార్ పరికరం, ఇద్దరు ముగ్గురు మనుషులు చాలు. అప్రాన్ ఎక్కడ దిగింది, ఎక్కడ రాయి పలచబడింది అన్నది అప్పుడే తెలుస్తుంది. దిగిన చోట పైనుంచి మళ్లీ రాయి నింపడానికి గట్టు మీద నిల్వ రాయి ఉండాలి. కొన్నేళ్లు వరద రాకపోతే ఆ నిల్వ రాయి ఊరి రోడ్లకూ ఇళ్ల పునాదులకూ తరలిపోతుంది. లోతు కొలిచే పుస్తకంలో పేజీలు ఖాళీగా ఉండిపోతాయి. ఆ తరువాత వచ్చే మొదటి పెద్ద వరదకు గట్టు మీద దొరికేవి ఇసుక బస్తాలు మాత్రమే, వాటిని వేయగలిగేదీ పైన కనిపించే చోటే.